తరగతి గదియా? తెరమీది పాఠమా?

ప్రతి సంవత్సరం మే, జూన్ నెలలు వచ్చేసరికి రైల్వే కాలనీలలోను, తపాలా క్వార్టర్లలోను ఒకే ప్రశ్న వినిపిస్తుంది. పన్నెండవ తరగతి ముగించిన బిడ్డను ఎక్కడ చేర్చాలి? దేశ రాజధానికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో, ఘాజియాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మన తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న మరింత జటిలమైనది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పోటీ తీవ్రం. మీరట్‌లోని చౌధరీ చరణ్ సింగ్ విశ్వవిద్యాలయానికి అనుబంధమైన స్థానిక కళాశాలలలో చేర్చవచ్చు గాని, కోరిన విషయంలో సీటు దొరకాలి. గుంటూరుకో, వరంగల్లుకో, విశాఖపట్నానికో పంపుదామంటే హాస్టలు ఖర్చు భరించాలి. ఈ మూడు దారుల పక్కన నాలుగవది ఒకటి ఇటీవల తెరుచుకున్నది. ఇంటిలోనే కూర్చుండి, కంప్యూటరు మీదనో చేతిఫోను మీదనో పాఠాలు విని, పట్టా పుచ్చుకొనే ఆన్‌లైను డిగ్రీ.

ఈ నాలుగవ దారి మంచిదా, చెడ్డదా అంటే ఒక్క మాటలో సమాధానం చెప్పడం సాధ్యం కాదు. ఎవరికి, ఏ వయస్సులో, ఎటువంటి పరిస్థితులలో అన్న సంగతి ముందు తేల్చుకోవాలి. మూడు నాలుగేండ్ల కాలము, తల్లిదండ్రుల కష్టార్జితము, బిడ్డ భవిష్యత్తు ఈ నిర్ణయం మీద ఆధారపడి యున్నవి. కనుక ప్రకటనల ఆర్భాటానికి లొంగక, అనుభవం చెప్పిన పాఠాలను బట్టి ఈ విషయాన్ని పరిశీలించడం అవసరమని మేము భావిస్తున్నాము.

దూరాన ఉండి చదువుకోవడం మనకు కొత్త కాదు. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్సు కోర్సులను ప్రారంభించింది. దేశంలో ఈ పద్ధతికి అదే నాంది. పదేండ్ల తరువాత, 1972లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం అదే బాట పట్టింది. ఆ రోజులలో విశ్వవిద్యాలయానికి, విద్యార్థికి మధ్య వారధిగా నిలిచినది తపాలాశాఖయే. అచ్చుపాఠాల కట్టలను రైలు డాకు పెట్టెలలో వేరుచేసి, ఊరూరికి చేర్చి, గడప గడపకు అందించినది మన ఉద్యోగులే. పగలు కౌంటరు వద్ద పనిచేసి రాత్రి ఆ పాఠాలు చదివి పట్టభద్రులైనవారు మన సంఘ కార్యకర్తలలో ఎందరో ఉన్నారు. అందుచేత దూరవిద్యను చిన్నచూపు చూచే హక్కు ఎవరికైనా ఉండవచ్చునేమో గాని, రైల్వే, తపాలా ఉద్యోగులకు మాత్రం లేదు.

ఈ ఉద్యమానికి కార్మికవర్గంతో గల బంధుత్వం గమనింపదగినది. బ్రిటనులో లేబర్ ప్రభుత్వ హయాంలో 1969లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడి, 1971లో బోధన ప్రారంభించింది. దాని స్థాపనకు పట్టుబట్టి పనిచేసిన మంత్రి జెన్నీ లీ ఒక స్కాట్లండు గని కార్మికుని కుమార్తె. మన దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసినది తెలుగునాటనే. 1982 ఆగస్టులో హైదరాబాదు కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దాని మొదటి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రామ్‌రెడ్డి. 1985లో పార్లమెంటు చట్టంతో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఢిల్లీలో ఏర్పడినపుడు దానికి కూడా తొలి ఉపాధ్యక్షులు ఆయనే. బడి చదువు లేనివారు సైతం ఒక అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరే అవకాశాన్ని హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆనాడు కల్పించింది. కళాశాల తలుపు మూసుకుపోయినవారికి అది కిటికీ కాదు, మరొక సింహద్వారమే.

అయితే ఒక విషయం మరువరాదు. ఈ విశ్వవిద్యాలయాలను నెలకొల్పినవారు పుస్తకం పంపి చేతులు దులుపుకోలేదు. బ్రిటనులో అధ్యాపకులు విద్యార్థులను సమావేశపరచేవారు, వేసవి శిబిరాలు నడిపేవారు. మన రాష్ట్రంలో అధ్యయన కేంద్రాలు పెట్టి, సెలవు రోజులలో తరగతులు జరిపేవారు. నేటికీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి ఘాజియాబాద్ పొరుగున నోయిడాలో ప్రాంతీయ కేంద్రమున్నది. దూరవిద్య అన్నారే గాని, మనిషికి మనిషి దూరమైతే విద్య నిలువదని ఆ పెద్దలకు తెలుసు. దూరం ఎంత తగ్గితే చదువు అంత నిలుస్తుందన్న ఎరుకతోనే వారు ఆ ఏర్పాట్లు చేశారు.

తరువాత వచ్చిన 2020వ సంవత్సరం మనకు ఇష్టం లేకుండానే ఒక పెద్ద పరీక్ష పెట్టింది. ఆ మార్చి నెలలో దేశం స్తంభించింది. విశ్వవిద్యాలయాలు మూతపడినవి. ప్రయాణికుల రైళ్లు ఆగిపోయినవి. సరకు రైళ్లు మాత్రం ఆగలేదు, తపాలా బట్వాడా ఆగలేదు. మే 1వ తేదీన తొలి శ్రామిక్ ప్రత్యేక రైలు తెలంగాణలోని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. మన ఉద్యోగులు ప్రాణాలకు తెగించి డ్యూటీలలో ఉండగా, వారి పిల్లలకు తరగతులు తెరమీద మొదలైనవి. ఇంటిల్లిపాదికి ఒకే ఫోను ఉన్నచోట, తండ్రి ఆ ఫోనుతో డ్యూటీకి వెళితే కొడుకు తరగతి కూడా ఆయన వెంటనే వెళ్లిపోయింది. ఫోను ఇంట్లో ఉంచితే అధికారి పిలుపు అందదు, తీసుకుపోతే అధ్యాపకుని పిలుపు అందదు.

ఇది ఏ ఒక్క కుటుంబపు గోడు కాదు. 2017–18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సౌకర్యం గల కుటుంబాలు 23.8 శాతం మాత్రమే. పట్టణాలలో 42 శాతం, గ్రామాలలో 14.9 శాతం. కంప్యూటరు గల కుటుంబాలు 10.7 శాతం. ఈ పునాది మీద దేశమంతటికీ ఆన్‌లైను చదువు కట్టబోయారు! ఢిల్లీ విశ్వవిద్యాలయం 2020 ఆగస్టు 10 నుంచి చివరి సంవత్సరం విద్యార్థులకు పుస్తకం దగ్గర పెట్టుకుని ఇంటి నుంచే వ్రాసే పరీక్షలు జరిపింది. ప్రశ్నపత్రం దించుకోవాలి, కాగితం మీద జవాబులు వ్రాయాలి, వాటిని ఫొటో తీసి తిరిగి ఎక్కించాలి. చదివినది ఎంత అన్నదానితో పాటు ఇంటిలో సిగ్నలు ఎంత అన్నది కూడా పరీక్షాంశమైనది. ఆ విశ్వవిద్యాలయంలో తరగతులు తిరిగి పూర్తిగా తెరచుకొన్నది 2022 ఫిబ్రవరి 17న. అంటే 2020లో చేరిన పిల్లలు సగం డిగ్రీ కాలాన్ని కళాశాల గేటు చూడకుండానే గడిపారు.

ఆ తరువాతి సంవత్సరాలలో ఫోనులు పెరిగినవి, నెట్ ధర తగ్గినది. కనుక సౌకర్యాల కొరత ఒక్కటే అడ్డంకి అయితే నేడు వాదన ముగిసి ఉండవలసినది. ముగియలేదు. సౌకర్యాలు పుష్కలంగా ఉన్న అమెరికాలో జరిగిన పరిశోధనలు ఇందుకు సాక్ష్యం. ఆ దేశపు విద్యాశాఖ 2010లో వెలువరించిన సమీక్షలో ఆన్‌లైను బోధన తరగతి బోధనకు తీసిపోదని, రెండింటినీ కలిపి నడిపినచోట ఫలితాలు మరింత మెరుగని తేలింది. ఆన్‌లైను వాదులు దీనిని తరచు ఉదహరిస్తారు. కాని కలిపి నడిపినచోట విద్యార్థులకు అదనపు సమయము, అదనపు బోధన కూడా దక్కినవని ఆ సమీక్షయే హెచ్చరించింది.

రెండవ సాక్ష్యం మనబోటివారికి మరింత దగ్గరిది. వాషింగ్టన్ రాష్ట్రంలో, సామాన్య కుటుంబాల పిల్లలు చదివే కమ్యూనిటీ కళాశాలలకు చెందిన 40 వేలమందికి పైగా విద్యార్థుల రికార్డులను కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. ఆన్‌లైను కోర్సులలో అన్ని తరగతుల విద్యార్థులూ కొంత వెనుకబడ్డారు. అందరికన్న ఎక్కువగా నష్టపోయినవారు చిన్న వయస్సువారు, మగపిల్లలు, నల్లజాతివారు, అంతకుముందే మార్కులు తక్కువగా ఉన్నవారు. వయస్సు మళ్లినవారికి నష్టం తక్కువ. అనగా, ఎవరికి ఉపాధ్యాయుని చేయూత ఎక్కువ అవసరమో వారినే తెర ముందుగా వదలివేస్తున్నది. ఇక హార్వర్డ్, మసాచుసెట్స్ సంస్థలు ప్రపంచానికంతకు తెరచిన ఉచిత కోర్సుల సంగతి. 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, పేరు నమోదు చేసుకున్నవారిలో సగానికి పైగా ఒక్క పాఠమైనా తెరవలేదు. 2017–18లో కోర్సు పూర్తిచేసినవారు సుమారు 3 శాతం. ప్రపంచంలోకెల్ల గొప్ప అధ్యాపకులే పాఠం చెప్పినా, వినేవానిని కూర్చోబెట్టే ఏర్పాటు లేకపోతే ఆ పాఠం గాలిలో కలిసిపోతుందన్నమాట.

ఎందువలన ఇలా జరుగుతున్నదో మన పనిని చూచుకుంటే తెలుస్తుంది. లోకో పైలట్ శిక్షణా సంస్థలో సిద్ధాంతం నేర్చుకుంటాడు, సిమ్యులేటరు మీద సాధన చేస్తాడు. అయినా కొత్త సెక్షనులో బండి నడపాలంటే, ముందు దారి తెలిసినవారితో ప్రయాణించి ప్రతి సిగ్నలును, ప్రతి ఎత్తుపల్లాన్ని కంటితో చూచి తెలుసుకోక తప్పదు. కొత్త పోస్టుమన్‌కు వీధుల జాబితా ఇస్తే చాలదు. పాత పోస్టుమన్ వెంట బీటు తిరిగినపుడే ఏ సందులో ఏ గుమ్మమో తెలుస్తుంది. పాఠం ఒక ఎత్తు. పక్కన నిలిచి, తడబడినచోట భుజం తట్టి, తప్పినచోట దిద్దే మనిషి మరొక ఎత్తు. పద్దెనిమిదేండ్ల విద్యార్థి కూడా ఒక కొత్త సెక్షనులోనే అడుగుపెడుతున్నాడు. వాని ముఖంలో అయోమయం చూచి పాఠం ఆపి మళ్లీ చెప్పగల అధ్యాపకుడు వానికి కావాలి. రికార్డు చేసిన ఉపన్యాసానికి శ్రోత ముఖం కనిపించదు.

కళాశాల ఇచ్చేది పాఠం ఒక్కటే కూడా కాదు. ప్రయోగశాల, గ్రంథాలయం, వాదోపవాదాలు, తనవంటివారు కానివారితో స్నేహం, ఇవన్నీ విద్యలో భాగాలే. పరాయి రాష్ట్రంలో పెరుగుతున్న మన పిల్లలకు ఇది మరీ ముఖ్యం. ఈ సత్యాన్ని ఢిల్లీ తెలుగువారు ఏనాడో గుర్తించారు. 1948లో దుర్గాబాయమ్మగారు ఢిల్లీలో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించినా, 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం వారు శ్రీ వెంకటేశ్వర కళాశాలను నెలకొల్పినా, ఉద్యోగరీత్యా ఉత్తరాదికి వచ్చిన కుటుంబాల పిల్లలకు కలిసి కూర్చుని చదువుకొనే చోటు కావాలన్న తలంపు ఆ ప్రయత్నాల వెనుక ఉన్నది. నేడు ఘాజియాబాద్ నుంచి ఢిల్లీకి లోకల్ రైళ్లున్నవి. 2019 మార్చి నుంచి మెట్రో రెడ్ లైను ఘాజియాబాద్ కొత్త బస్ అడ్డా వరకు నడుస్తున్నది. విద్యార్థులకు రైల్వే సీజను టిక్కెట్టుపై రాయితీ ఉన్నది. రానుపోను రెండు మూడు గంటలు పట్టవచ్చు. ఆ గంటలు పూర్తిగా వృథా అని మేము అంగీకరించము.

ఇక్కడ ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పవలసి యున్నది. 2020–21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో దూరవిద్యలో ఉన్న సుమారు 45.7 లక్షల మందిలో స్త్రీలు 20.9 లక్షలు. పెండ్లయి, పిల్లల తల్లులై, చదువు మధ్యలో ఆగినవారు ఎందరో ఈ మార్గాన తిరిగి పుస్తకం పట్టారు. అది హర్షింపదగిన విషయమే. కాని పద్దెనిమిదేండ్ల కుమార్తెను 'కాలం బాగాలేదు, ఇంట్లోనే ఉండి చదువుకో' అని కూర్చోబెట్టి, పక్కింటి ఈడు కుమారుని మాత్రం హాస్టలుకు పంపే ఇంటికి ఆన్‌లైను డిగ్రీ ఒక మర్యాదైన సాకుగా మారుతున్నది. ఇంట్లో ఉన్న పిల్లకు తరగతి సమయం తరగతి సమయంగా మిగలదు. వంటయింటి నుంచి పిలుపు వస్తుంది, తమ్ముని బాధ్యత వస్తుంది, వచ్చిన చుట్టాలకు కాఫీ వస్తుంది. కార్యాలయంలో స్త్రీ పురుష సమానత్వం కోసం నినదించే మనం, ఈ అన్యాయం మన గడప లోపల జరుగకుండా చూచుకోవడం మన కనీస ధర్మం.

ఉద్యోగంలో ఉండి చదువుకొనేవారి సంగతి వేరు. షిఫ్టు డ్యూటీలలో ఉన్న పాయింట్స్‌మన్‌కు, గ్రామీణ్ డాక్ సేవక్‌కు, ట్రాక్ మెయింటెయినరుకు రోజూ కళాశాలకు వెళ్లడం అసాధ్యం. వారికి దూరవిద్య, ఆన్‌లైను విద్య నిజమైన వరం. వారికి జీవితానుభవమున్నది, లక్ష్యం స్పష్టంగా ఉన్నది, స్వయంగా క్రమశిక్షణ పాటించే వయస్సున్నది. 2022 సెప్టెంబరులో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, తన గుర్తింపు గల దూరవిద్యా, ఆన్‌లైను డిగ్రీలు సాధారణ డిగ్రీలతో సమానమని స్పష్టం చేసింది. కనుక 'ఇంట్లో చదివిన డిగ్రీ' అని ఎవరూ తక్కువచేయవలసిన పని లేదు.

కాని ఒక హెచ్చరిక. దూరవిద్య ద్వారా ఇంజనీరింగు డిగ్రీలు ఇచ్చిన కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాల వ్యవహారంలో సుప్రీంకోర్టు 2017 నవంబరులో తీర్పు చెప్పింది. 2001 నుంచి 2005 వరకు చేరినవారి డిగ్రీలను తాత్కాలికంగా నిలిపి, తిరిగి పరీక్ష వ్రాసే అవకాశమిచ్చింది. ఆ తరువాత చేరినవారి డిగ్రీలు రద్దయినవి. వాటిని చూపి పొందిన ప్రయోజనాలు కూడా పోయినవి. తప్పు సంస్థలది, శిక్ష పడినది చదివినవారికి. ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటి కోర్సులను దూరవిద్యలో గాని, ఆన్‌లైనులో గాని నడపడానికి నిబంధనలు అంగీకరించవు. 2025లో మనస్తత్వశాస్త్రాన్ని, ఆరోగ్య సంబంధమైన కోర్సులను కూడా ఈ నిషేధంలో చేర్చారు. రుసుము కట్టకముందే ఆ సంస్థకు, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి గ్రాంట్ల సంఘపు దూరవిద్యా విభాగం అనుమతి ఉన్నదో లేదో జాబితాలో చూచుకోండి. ఏజెంటు మాటను నమ్మకండి.

మరొక కోణం ఉన్నది. ఆన్‌లైను విద్యను విద్యార్థి అవసరానికి వాడడం ఒకటి, ఖర్చు తగ్గించే కత్తెరగా వాడడం మరొకటి. 2013లో కాలిఫోర్నియాలోని శాన్‌హోసే రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, హార్వర్డ్ ఆచార్యుని రికార్డు చేసిన పాఠాలను తమ తరగతులలో వాడమన్నపుడు అక్కడి తత్త్వశాస్త్ర విభాగ అధ్యాపకులు బహిరంగ లేఖ వ్రాసి నిరాకరించారు. ధనిక విద్యార్థులకు సజీవుడైన ఆచార్యుడు, పేదవారికి ఆయన వీడియో మిగులుతుందన్నది వారి ఆందోళన. మన దేశంలో సైతం ఒక కోర్సులో 40 శాతం వరకు క్రెడిట్లను 'స్వయం' వేదిక ద్వారా పొందవచ్చునని 2021లో నిబంధన మార్చారు. అది అదనపు అవకాశంగా ఉన్నంతవరకు స్వాగతింపదగినదే. ఖాళీ అధ్యాపక పోస్టులను నింపకుండా ఉండడానికి అది సాకు అయిననాడు, అధ్యాపకులకు తోడుగా మనం కూడా గొంతెత్తవలసి ఉంటుంది. ఖాళీ పోస్టుల బరువేమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇదే సూత్రం మన శాఖలలోని శిక్షణకు కూడా వర్తిస్తుంది. రఫీ అహ్మద్ కిద్వాయ్ జాతీయ తపాలా అకాడమీ ఘాజియాబాద్‌లోనే ఉన్నది. 2022 జూన్ 28న తపాలాశాఖ 'డాక్ కర్మయోగి' అనే ఆన్‌లైను శిక్షణా వేదికను ప్రారంభించింది. మారుమూల శాఖా కార్యాలయంలోని ఉద్యోగికి సైతం శిక్షణ అందడం మంచిదే. అయితే ఆ శిక్షణకు డ్యూటీ సమయం కేటాయించాలి, సాధనాలు శాఖయే సమకూర్చాలి. కౌంటరు మూసి ఇంటికి చేరిన తరువాత సొంత ఫోనులో, సొంత డేటాతో, నిద్ర కళ్లతో చూచే పాఠం శిక్షణ అనిపించుకోదు.

ఇక చేయవలసినదేమిటి? మొదటిది, పిల్లల విద్యా భత్యం. ఏడవ వేతన సంఘం తరువాతి ఉత్తర్వుల ప్రకారం నెలకు 2,250 రూపాయలుగా ఉన్న ఈ భత్యం 2024 జనవరి 1 నుంచి 2,812 రూపాయల 50 పైసలకు పెరిగింది. కాని అది పన్నెండవ తరగతితో ఆగిపోతుంది. పదవ తరగతి తరువాత డిప్లొమాలో చేరినవారికి తొలి రెండేండ్లు మాత్రం వర్తిస్తుంది. ఖర్చు అసలు మొదలయ్యేచోట సహాయం ముగియడం ఏమి న్యాయం? తల్లిదండ్రులు బిడ్డకు తగిన చదువును బట్టి గాక, జేబును బట్టి ఆన్‌లైను డిగ్రీని ఎంచుకోవడానికి ముఖ్య కారణమిదే. డిగ్రీ వరకు ఈ భత్యాన్ని, హాస్టలు సహాయాన్ని పొడిగించాలన్న కోరిక ఎనిమిదవ వేతన సంఘానికి సమర్పించే ప్రతి వినతిలో ఉండి తీరాలి.

రెండవది, రైల్వే ఇన్‌స్టిట్యూట్లలోను, తపాలా కాలనీల వినోద కేంద్రాలలోను నెట్ సౌకర్యం గల పఠనాలయాలు తెరవాలి. సాయంత్రాలు పేకముక్కలు పంచే బల్లల మీద నాలుగు పుస్తకాలు కూడా పంచవచ్చును. దూరవిద్యలో ఉన్న పిల్లలు, ఉద్యోగులు వారానికొకసారి అక్కడ కలిసి చదువుకుంటే, విశ్వవిద్యాలయం ఇవ్వని తరగతి గదిని మనమే ఏర్పరచుకున్నవారమవుతాము. మూడవది, చదువుకొనే ఉద్యోగులకు పరీక్షల రోజులలో సెలవు, డ్యూటీ మార్పు నిరాకరించకుండా ప్రతి శాఖ కార్యదర్శి స్థానిక అధికారులతో మాట్లాడి సాధించాలి. నాలుగవది, ప్రవేశాల కాలంలో గుర్తింపు గల సంస్థల జాబితాను సంఘ కార్యాలయపు నోటీసు బోర్డు మీద అంటించాలి. ఇది ఖర్చు లేని పని. ఎన్నో కుటుంబాలను మోసం నుంచి కాపాడే పని.

తల్లిదండ్రులైన సోదర సోదరీమణులకు మా మనవి ఇది. పద్దెనిమిదేండ్ల బిడ్డ కళాశాలకు వెళ్లగలిగిన పరిస్థితి ఏ మాత్రం ఉన్నా, కుమారుడైనా కుమార్తెయైనా, కళాశాలకే పంపండి. తెరమీది పాఠాన్ని ఆ చదువుకు తోడుగా వాడుకోనివ్వండి. కళాశాల నిజంగా అందనినాడు గుర్తింపు గల దూరవిద్యను ఎంచుకోండి. అపుడు కూడా బిడ్డను ఒంటరిగా వదలక, అధ్యయన కేంద్రానికి, తోటి విద్యార్థుల వద్దకు పంపండి. ఇక ఉద్యోగంలో ఉండి ఆగిన చదువును మళ్లీ అందుకొనదలచిన తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరు మాత్రం సంకోచించకండి. తలుపు తెరచియే ఉన్నది. ప్రవేశపు దరఖాస్తు నింపడానికి, సెలవు మంజూరు చేయించడానికి మీ శాఖ సంఘం మీ పక్కన ఉండాలి. ఉండేటట్లు చూచే బాధ్యత మాది.